అట్ట పోయాక మిగిలేది సగం పత్రికే

పాత పత్రికల్లో మొదట పోయేది అట్ట. చేతుల్లో ఎక్కువ నలిగేది అదే, బొమ్మ బాగుందని చింపి గోడకి అంటించేదీ అదే. ఏడాది సంచికలు కలిపి బైండు చేయించినప్పుడు చాలాసార్లు తీసేసేదీ అదే. అందుకే కథలన్నీ ఉన్న బైండు పుస్తకం దొరుకుతుంది, అట్టలు మాత్రం ఉండవు. కథ ఎక్కడో మళ్లీ అచ్చవుతుంది. అట్ట మీద బొమ్మకి ఆ అవకాశం తక్కువ.

నాది ఇంగ్లీష్ మీడియం. తెలుగు ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. చందమామలో నన్ను ముందు ఆపింది కథ కాదు, అట్టే. సేకరిస్తూ తెలుసుకున్నవి మీతో పంచుకుంటున్నా.

సంతకం వెతకండి

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టిన పత్రిక. అందులో బొమ్మలన్నీ ఒక్కరే వేశారనుకుంటాం, కానీ కాదు. మహాభారత ఘట్టాల అట్టలకి ఎం.టి.వి. ఆచార్య గారు ప్రసిద్ధులు. బేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు శంకర్ గారి బొమ్మ. ఓ మూల ‘వపా’ అని కనిపిస్తే ఆయన వడ్డాది పాపయ్య గారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. ‘యువ’ మాసపత్రికకీ అట్టలు వేశారు. ఒక చందమామ, ఒక యువ పక్కపక్కన పెట్టి చూడండి. పిల్లలకి వేసినప్పుడూ పెద్దలకి వేసినప్పుడూ ఆ చెయ్యి ఎలా మారిందో తెలుస్తుంది.

నెల, ఏడాది రాసుకోండి

విడి అట్ట దొరికితే నెల, ఏడాది వెంటనే రాసిపెట్టుకోవాలి. అట్ట మీద కాదు, వేరే చీటీ మీద. తెలుగు సంచిక దొరక్కపోతే తమిళ ‘అంబులిమామ’ చూడండి. రెండూ ఒకే సంస్థవి, చాలా సంచికలకి అట్ట బొమ్మ ఒకటే.

కాగితాన్ని కాపాడండి

చవక కాగితంలో లిగ్నిన్ ఉంటుంది. వెలుతురూ గాలీ తగిలితే అది పసుపెక్కి పెళుసవుతుంది. సెల్లోటేప్ అసలు వద్దు, దాని జిగురు కొన్నాళ్లకి గోధుమరంగు మరకవుతుంది. పిన్నులు తుప్పు పడితే జాగ్రత్తగా తీసేయాలి. పత్రికల్ని నిలబెట్టకుండా పడుకోబెట్టి, ఎండా తేమా తగలని చోట ఉంచండి.

స్కాన్ చేయడం

ఇది మన సబ్జెక్టే! పాత అట్టని భూతద్దంతో చూస్తే నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తాయి. స్కానర్ కూడా బొమ్మని చుక్కలుగానే తీసుకుంటుంది. ఈ రెండు గ్రిడ్‌లూ కలవనప్పుడు బొమ్మ మీద అలల్లాంటి గీతలు పడతాయి. వాటినే మోయిరే అంటారు, క్లాసులో చదివే ఏలియాసింగ్ లాంటిదే. 600 డీపీఐలో స్కాన్ చేసి తర్వాత సైజు తగ్గిస్తే చాలావరకు పోతాయి. ఒరిజినల్ ఫైల్‌ని మాత్రం టిఫ్‌లో దాచండి. ఫైల్ పేరులో పత్రిక, ఏడాది, నెల, భాష ఉండాలి. పేరు లేని స్కాన్ పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు.

హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, విజయవాడలో ఉంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు చూడండి. అంతకంటే ముందు అమ్మమ్మ వాళ్లింట్లో అటక చూడండి. పాత పేపర్లు తూకానికి వేసేముందు అట్టలున్న సంచికలు పక్కన పెట్టమని ఒక ఫోన్ చేసి చెప్పండి, చాలు.