కొత్తగా తెచ్చిన రంగు చేపలలో పోట్లాటలు: నివారణ మార్గాలు

రంగు చేపల వ్యాపారం చేపట్టినవారు సరుకు కొనేటప్పుడు చేప రంగును, చురుకుదనాన్ని, ధరను శ్రద్ధగా పరిశీలిస్తారు. కాని ఆ చేపలు ఒకే తొట్టిలో కలిసి బ్రతకగలవా అనే ప్రశ్నను చాలామంది వేసుకోరు. చెన్నైలోని కొళత్తూరు వంటి హోల్‌సేల్ కేంద్రాల నుండి రాత్రి ప్రయాణంలో వచ్చిన సంచులను ఉదయం విప్పి, ఖాళీ ఉన్న తొట్లలోకి వదిలి, పని పూర్తయినదని భావిస్తారు. రెండు మూడు రోజులలో కొన్ని చేపల తోకలు చీలిపోతాయి. కొన్ని మూలలకు చేరి మేత మానివేస్తాయి. మరికొన్ని చనిపోయి తేలుతాయి. ప్రయాణంలో దెబ్బ తిన్నవనో, సరుకే మంచిది కాదనో వ్యాపారి సరిపెట్టుకుంటాడు. ఈ నష్టంలో కొంత భాగం చేపలు పరస్పరం పోట్లాడుకొనుట వలన కలిగినది. ఇది ముందుగా ఊహించదగినది, చాలావరకు నివారించదగినది కూడా.

నష్టం ఎంత?

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. చేప ఒక్కింటికి 20 రూపాయల చొప్పున 200 చేపలు కొన్నారనుకోండి. పెట్టుబడి 4,000 రూపాయలు. 30 రూపాయల చొప్పున అన్నీ అమ్ముడైతే 6,000 రూపాయలు వస్తాయి. మేత, విద్యుత్తు ఖర్చులు పక్కన పెడితే మిగులు 2,000 రూపాయలు.

ఇప్పుడు 30 చేపలు చనిపోయి, మరో 20 చేపలు రెక్కలు చీలినందున సగం ధరకే అమ్ముడైనాయనుకోండి. మంచి చేపలు 150 మీద 4,500, దెబ్బతిన్న 20 చేపల మీద 300, వెరసి 4,800 రూపాయలు వస్తాయి. మిగులు 800 రూపాయలు మాత్రమే. అనగా చనిపోయినవి నూటికి 15 చేపలే అయినా, మిగులు నూటికి 60 వంతులు తగ్గినది. బ్యాంకు వాయిదా చెల్లించవలసినది ఈ మిగులు నుండే కదా! కనుక తొట్టిలోని పోట్లాటను చిన్న విషయంగా తీసివేయరాదు.

చేపలు ఎందుకు పోట్లాడుకుంటాయి?

పొరుగు రైతుల మధ్య గట్టు తగాదా ఎట్టిదో మీకు తెలుసు. చేపల తగాదా కూడా ప్రధానంగా స్థలం గురించినదే. తొట్టిలో ముందుగా చేరిన చేప ఒక మూలనో, రాతి సందునో, మొక్క నీడనో తనదిగా చేసుకుంటుంది. తరువాత వచ్చిన చేప దాని దృష్టిలో హద్దు దాటిన పరాయిది. ఇటువంటి పోరులో సాధారణంగా ముందునుండి ఉన్న చేపదే పైచేయి అవుతుంది. స్థలం దానికి పరిచితం. కొత్త చేపేమో ప్రయాణపు బడలికతో, మారిన నీటిలో, దాగే చోటు తెలియక ఉంటుంది.

రెండవ కారణం పోలిక. ఒకే జాతికి చెందిన, లేక ఒకే రంగు, ఆకారం కలిగిన చేపలు ఒకదానికొకటి పోటీదారులు. ఐరోపాలో లభించే స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపపై డచ్చి శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ పరిశోధనలు జరిపారు. ఎర్రని పొట్ట గల మగ చేపలు, అడుగున ఎర్ర రంగు పూసిన బొమ్మలపై కూడా దాడి చేయడాన్ని ఆయన గమనించారు. జంతువుల ప్రవర్తనపై చేసిన కృషికి ఆయనకు 1973లో మరి ఇద్దరు శాస్త్రవేత్తలతో పాటు నోబెల్ బహుమతి లభించినది. మన తొట్టికి దీని నుండి నేర్వదగిన పాఠం ఒకటున్నది: చూపునకు ఒకే తీరుగా ఉండే రెండు మగ చేపలను చిన్న తొట్టిలో కలపడం కోరి తగాదా తెచ్చుకోవడమే.

మూడవ కారణం సంతానోత్పత్తి. గుడ్లు పెట్టే సమయంలో ఏంజెల్ చేపల జంట దగ్గరకు వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది. నీటిపై నురుగు గూడు కట్టే మగ గౌరామి కూడా అంతే.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. "హోల్‌సేల్ దుకాణంలో ఇవే చేపలు ఒకే తొట్టిలో వందల కొలది శాంతంగా ఉన్నాయి కదా" అని కొందరు వాదిస్తారు. క్రిక్కిరిసిన తొట్టిలో ఏ చేపకూ తనదంటూ స్థలం ఏర్పరచుకునే వీలుండదు. ఒక చేపనే పట్టి తరమడం కూడా సాధ్యం కాదు. అవే చేపలను నాలుగైదింటిని తెచ్చి విశాలమైన తొట్టిలో వదలగానే హద్దులు ఏర్పడతాయి, తగాదా మొదలవుతుంది. చేప గుణం మారలేదు, పరిస్థితి మారినది.

కొనుటకు ముందు తెలిసి ఉండవలసినవి

ఫైటర్: థాయిలాండ్ ప్రాంతపు చేప. ఆ దేశం 2019లో దీనిని తన జాతీయ జలచరంగా ప్రకటించినది. రెండు మగ ఫైటర్లను ఎన్నడూ కలపరాదు. ఒక్కొక్క దానిని విడి సీసాలో ఉంచి, సీసాల మధ్య అట్టముక్క అడ్డుపెట్టాలి. ఎదుటి చేప నిరంతరం కనిపిస్తూ ఉంటే ఫైటర్ రెక్కలు విప్పి విప్పి అలసిపోతుంది.

టైగర్ బార్బ్: ఇతర చేపల రెక్కలు కొరికే అలవాటు గలది. రెండు మూడు మాత్రమే ఉంటే ఈ అలవాటు ముదురుతుంది. కనీసం 8 నుండి 10 చేపలను గుంపుగా ఉంచితే వాటి తరుములాట చాలావరకు వాటిలో వాటికే పరిమితమవుతుంది. పొడవైన రెక్కలు గల ఏంజెల్, ఫైటర్, గప్పీలతోనూ, నెమ్మదిగా ఈదే గోల్డ్ ఫిష్‌తోనూ వీటిని కలపరాదు.

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్: ఇవి సాధువులే. అయినను మగవి ఎక్కువైతే ఆడ చేపలను విశ్రాంతి లేకుండా వెంబడిస్తాయి. ఒక మగకు రెండు లేక మూడు ఆడ చేపల చొప్పున కొనడం మేలు. స్వోర్డ్‌టెయిల్ మగ చేపలలో ఆధిపత్య పోరు కూడా ఉంటుంది.

రెడ్ టెయిల్ షార్క్, రెయిన్‌బో షార్క్: పేరు షార్క్ అయినా ఇవి సొరచేపలు కావు. ఇంటి తొట్టిలో ఒక్కటి మాత్రమే ఉండాలి. ఒకటి పెట్టి రెండవ దానిని చేర్చినచో తగాదా తప్పదు.

ఆఫ్రికన్ సిక్లిడ్లు: మలావీ సరస్సు రాళ్ల మధ్య నివసించే జాతులు. తీవ్రమైన హద్దు పట్టింపు గలవి. వీటిని సాధుజాతులతో కలపక, ప్రత్యేకమైన తొట్టిలో, రాతి సందులు ఎక్కువగా కల్పించి, ఒకే జాతిలో ఒక మగకు పలు ఆడ చేపల చొప్పున పెంచాలి. సంఖ్య పెంచి వత్తిడిని పంచే పద్ధతి ఉన్నది కాని, దానికి బలమైన ఫిల్టరు, క్రమం తప్పని నీటి మార్పిడి తప్పనిసరి.

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్: ఫ్లవర్‌హార్న్ మానవులు సృష్టించిన సంకర జాతి. దీనిని ఒంటరిగానే ఉంచాలి. ఆస్కార్ అడుగు పొడవు వరకు పెరుగుతుంది. దాని నోట పట్టే చేప ఏదైనా దానికి మేతే. అది పోట్లాట కాదు, ఆకలి.

సరుకు దించే రోజున పాటించవలసిన క్రమం

1. కొత్త చేపలను నేరుగా పాత చేపలలో కలపక, విడి తొట్టిలో రెండు వారాలు ఉంచండి. రోగాలు బయటపడతాయి, చేప తేరుకుంటుంది. బడలిక తీరిన చేప తనను తాను కాపాడుకోగలదు.

2. విడి తొట్టిలోకి దించునప్పుడు లైటు ఆర్పి, మూసిన సంచిని 15, 20 నిమిషాలు నీటిపై తేలనివ్వండి. తరువాత సంచి విప్పి, తొట్టి నీటిని కొద్దికొద్దిగా కలిపి, చేపను చేతివలతో తీసి వదలండి. సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు. అందులో ప్రయాణ కాలపు మలినాలు ఉంటాయి.

3. రెండు వారాల తరువాత పాత చేపలతో కలిపే రోజున ముందుగా పాత చేపలకు మేత వేయండి. ఆకలి తీరిన చేప దూకుడు కొంత తగ్గుతుంది.

4. పాత తొట్టిలోని రాళ్లు, కుండ పెంకులు, మొక్కలను తీసి వేరొక అమరికలో పెట్టండి. ఇది అన్నిటికంటె ముఖ్యం. పాత హద్దులు చెరిగిపోతాయి. అప్పుడు పాత చేప, కొత్త చేప అనే భేదం తగ్గి, అన్నీ మళ్లీ చోటు వెదకుకుంటాయి.

5. చేపల సంఖ్య కంటె దాగే చోట్లు ఎక్కువ ఉండాలి. బోర్లించిన మట్టి కుండ ముక్కలు, పైపు ముక్కలు, హైడ్రిల్లా వంటి నీటి మొక్కలు చవకగా లభిస్తాయి. ఈ కొస నుండి ఆ కొసకు చూపు సాగకుండా వీటిని అమర్చాలి. కంటికి కనిపించని చేపను ఏ చేపా తరమదు.

6. ఒక్క చేపను కాక, సమాన పరిమాణం గల నాలుగైదింటిని ఒకేసారి వదలండి. దాడి ఒక్కదానిపైనే పడక పంచుకోబడుతుంది. లైటును మరునాటి వరకు వేయకండి.

పోట్లాట మొదలైనచో

మొదటి రోజు కొంత తరుములాట సహజం. అది ఒకటి రెండు రోజులలో తగ్గుముఖం పడితే జోక్యం అవసరం లేదు. ఒకే చేప పదేపదే గురి అవుతుండడం, రెక్కలు చీలడం, పొలుసులు ఊడడం, మేత వేళకు బయటకు రాకపోవడం గమనించినచో వెంటనే చర్య తీసుకోవాలి.

చాలామంది దెబ్బ తిన్న చేపను తీసివేసి ఊరుకుంటారు. అప్పుడు దాడి చేసే చేప మరొక చేపను ఎన్నుకుంటుంది. తీయవలసినది దాడి చేసే చేపను. దానిని నాలుగైదు రోజులు విడి తొట్టిలో ఉంచి, ఈలోగా పాత తొట్టి అమరిక మార్చి, తరువాత తిరిగి వదలండి. ఇప్పుడు అదే కొత్తగా వచ్చిన చేప. చాలా సందర్భాలలో దూకుడు తగ్గుతుంది. విడి తొట్టి లేనిచో, తొట్టి మధ్య అద్దం గాని, నైలాను వల బిగించిన చట్రం గాని అడ్డుపెట్టి కొన్ని రోజులు వేరుపరచవచ్చు. ఇంత చేసినా మారని చేపను దానికి తగిన తొట్టి గలవారికి అమ్మివేయడమే మేలు.

దెబ్బ తిన్న చేపకు శుభ్రమైన నీరే మొదటి మందు. చీలిన రెక్క అంచున దూది వంటి తెల్లని పొర కనిపిస్తే అది బూజు తెగులు కావచ్చు. విడి తొట్టిలో లీటరు నీటికి 1 నుండి 2 గ్రాముల అయొడిన్ కలపని ఉప్పు వేసి ఉంచాలి. తగ్గనిచో మత్స్యశాఖ అధికారిని సంప్రదించాలి.

అయితే ప్రతి మరణాన్నీ పోట్లాటకు ఆపాదించరాదు. చేపలన్నీ ఒకేసారి నీటి పైకి చేరి గాలికై నోళ్లు తెరుస్తుంటే అది ప్రాణవాయువు కొరతకు గాని, నీరు చెడినదనుటకు గాని సూచన. అప్పుడు మూడవ వంతు నీటిని మార్చి, గాలి పంపును సరిచూడాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించిన తరువాతనే వాడాలి.

కొనుగోలుదారునికి మీ సలహా

మీ దుకాణంలో ఫైటర్ చేపను అడిగిన వ్యక్తికి అమ్మడానికి ముందు మూడు ప్రశ్నలు వేయండి: తొట్టి ఎంత పెద్దది? ఇప్పటికే ఏ చేపలు ఉన్నాయి? అవి ఎంత పరిమాణంలో ఉన్నాయి? ఆయన తొట్టిలో టైగర్ బార్బ్‌లు ఉన్నాయని తెలిస్తే, ఆ రోజు బేరం పోయినా వద్దనే చెప్పండి. వారం లోపల చేప చనిపోయిన కొనుగోలుదారుడు మళ్లీ మీ గడప తొక్కడు. నిజం చెప్పిన వ్యాపారి వద్దకు తొట్టి, మేత, మందు అన్నిటికీ వస్తాడు.

దూకుడు చేపలను భరించలేక చెరువులలో, కాలువలలో వదలడం తగదని కూడా వారికి చెప్పండి. అక్వేరియం వ్యాపారం ద్వారా వచ్చిన సక్కర్ క్యాట్‌ఫిష్ ఆంధ్ర ప్రాంతపు జలాలలో వ్యాపించి చేపల రైతులకు, జాలరులకు బెడదగా మారినది.

రుణం కోరేవారికి సూచన

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మార్గదర్శకాలలో పెరటి రంగు చేపల యూనిట్ వ్యయాన్ని 3 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం సహాయాన్ని పొందుపరిచారు. దరఖాస్తు చేసే నాటికి అమలులో ఉన్న నిబంధనలను జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో తెలుసుకోండి. పథకం ఏదైనా, మీ అంచనా పత్రంలో ప్రదర్శన తొట్లతో పాటు కనీసం రెండు విడి తొట్లను, అడ్డుతెరలను తప్పక చేర్చండి. ఖర్చు తగ్గించే ఉద్దేశంతో వీటిని వదలివేసినవారు ఆ మొత్తాన్ని చనిపోయిన చేపల రూపంలో చెల్లించవలసి వస్తుంది.

ఒక నోటు పుస్తకంలో ప్రతి సరుకుకు తేదీ, జాతి, సంఖ్య, మొదటి పది రోజుల మరణాలు, కారణం వ్రాసి ఉంచండి. ఏ జాతి మీకు లాభం, ఏ కలయిక మీకు నష్టం అనేది నాలుగు సరుకులు దిగేసరికి ఆ పుస్తకమే చెబుతుంది. తనిఖీకి వచ్చే బ్యాంకు అధికారికి కూడా మీ వ్యాపారంపై విశ్వాసం కలిగించేది అటువంటి లెక్కయే.