ఫలితాన్ని చూసి తీర్పు చెప్పవచ్చునా?



మా విచారణకు చెందిన ఒక యువకుడు అమెరికాలో సియాటిల్ నగరానికి దగ్గరలో ఉద్యోగం చేస్తున్నాడు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ వంటి సంస్థలు అక్కడే ఉండడంవల్ల మన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలానే స్థిరపడ్డాయి. ఈ మధ్య సెలవుమీద వచ్చినప్పుడు నన్ను చూడడానికి గురువుల నివాసానికి వచ్చాడు. మాటల్లో ఆటల ప్రస్తావన వచ్చింది. 2015లో వాళ్ళ ఊరి జట్టు ఓడిపోయిన వైనం చెబుతూ నా బల్లమీద వేలితో ఒక గీత గీశాడు. "ఒక్క గజం ఫాదర్! ఒకే ఒక్క గజం! అక్కడ ఎవడైనా బంతి విసురుతాడా?" అన్నాడు. ఆ గొంతు విని వంటామె ఏమైందోనని తొంగి చూసింది.

అది పదేళ్ళు దాటిన ఓటమి. ఇతడు మైదానంలో ఆడినవాడు కూడా కాదు. అయినా గాయం పచ్చిగానే ఉంది. మొదట నాకు నవ్వు వచ్చింది. అతడు వెళ్ళాక ఆలోచిస్తే అది నవ్వి వదిలేసే విషయం కాదనిపించింది. మన ఇళ్ళలో జరిగే పోట్లాటలు సగం ఇలాంటివే. అందుకే ఈ వారం ఆ ఆటనే పాఠంగా తీసుకుందాం.

అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో ఆడే బంతాట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తవచ్చు, చేత్తో ముందుకు విసరవచ్చు. ఎదుటివారి గీత దాటించి లోపలికి చేరిస్తే ఆరు పాయింట్లు. పది గజాలు ముందుకు జరగడానికి, లేదా అంతకంటే దగ్గరలో ఉంటే గీత దాటడానికి, నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఏటా ఛాంపియన్లను తేల్చే ఆఖరి ఆటను సూపర్ బౌల్ అంటారు. 2015 ఫిబ్రవరి 1న అరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌లో సియాటిల్ సీహాక్స్, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్లు తలపడ్డాయి. అంతకుముందు ఏడాది సియాటిల్ జట్టే 43–8 తేడాతో డెన్వర్‌ను చిత్తుచేసి గెలిచింది. ఈసారి కూడా చివరి పావు భాగం మొదలయ్యేసరికి 24–14తో ముందుంది. కానీ న్యూ ఇంగ్లండ్ పుంజుకుని 28–24 చేసింది.

అయినా సియాటిల్ చేతులెత్తేయలేదు. కియర్స్ అనే ఆటగాడు కింద పడిపోతూ, తన కాళ్ళకు తగిలి ఎగిరిన బంతిని వెల్లకిలా పడుకునే పట్టుకున్నాడు. గీత ఐదు గజాల దూరానికి వచ్చింది. తరువాత బంతి మార్షాన్ లించ్‌కు ఇచ్చారు. మనిషి ఎద్దులా దూసుకుపోయే రకం. నాలుగు గజాలు తోసుకుపోయాడు. ఇక మిగిలింది ఒక్క గజం, మూడే మూడు అడుగులు. గడియారంలో 26 సెకండ్లు, చేతిలో మూడు ప్రయత్నాలు, ఆట ఆపమని అడిగే విరామం ఒకటి. లించ్‌కే మళ్ళీ ఇస్తారని లోకమంతా అనుకుంది. ఇవ్వలేదు. రస్సెల్ విల్సన్ బంతి విసిరాడు. అప్పటిదాకా ఎవరికీ పేరు తెలియని మాల్కమ్ బట్లర్ అనే కొత్త కుర్రాడు మెరుపులా వచ్చి మధ్యలో పట్టేసుకున్నాడు. ఆట అయిపోయింది. చివరి క్షణాల్లో ఆటగాళ్ళు ఒకరిమీద ఒకరు పడి కొట్టుకునేదాకా వెళ్ళింది.

ఆ రాత్రే పత్రికలూ టీవీలూ తీర్పు చెప్పేశాయి. ఆట చరిత్రలోకెల్లా ఇది తెలివితక్కువ నిర్ణయమన్నాయి. సియాటిల్ కోచ్ పీట్ కారల్ తప్పు తనదేనని భుజాన వేసుకున్నాడు. కానీ కొన్ని రోజుల తర్వాత టీవీలో మాట్లాడుతూ, ఫలితం మాత్రం అతి ఘోరమనీ, బంతి తమవాడి చేతికి చిక్కి ఉంటే అదే నిర్ణయాన్ని గొప్పదనేవారనీ అన్నాడు. జనం దీన్ని మొండితనం అన్నారు. మనం కాస్త ఆగి ఆయన లెక్క చూద్దాం.

లించ్ పరుగెత్తి గీత దాటలేకపోతే గడియారం ఆగదు. ఉన్న ఒక్క విరామమూ అప్పుడే వాడుకోవాలి. ఆ తర్వాత మళ్ళీ పరుగెత్తి ఆగిపోతే ఇంకో ప్రయత్నానికి సమయం చాలకపోవచ్చు. విసిరిన బంతి నేలపాలైతే మాత్రం గడియారం దానంతటదే ఆగిపోతుంది. కాబట్టి మూడు ప్రయత్నాలూ దక్కాలంటే వాటిలో ఒకటి విసరడం మేలు. పైగా ఆ క్షణంలో న్యూ ఇంగ్లండ్ తన భారీకాయులను గీత దగ్గర గోడలా నిలబెట్టింది. పరుగును ఆపడానికే అది. ఆ సీజన్‌లో అప్పటిదాకా ఒక గజం దూరంనుంచి విసిరిన ఏ బంతినీ ఎదుటివారు పట్టుకోలేదు. లించ్ సంగతి చూస్తే, ఆ సీజన్‌లో ఒక గజం దూరంనుంచి ఐదుసార్లు ప్రయత్నించి ఒక్కసారే గీత దాటాడు.

ఇదంతా విన్నాక కూడా "అయినా లించ్‌కే ఇవ్వాల్సింది" అనవచ్చు. అనే హక్కు మీకుంది. ఆట తెలిసినవాళ్ళు ఈనాటికీ వాదించుకుంటున్నారు. మధ్యలోకి కాకుండా మూలకు విసరాల్సిందనేవాళ్ళూ ఉన్నారు, అందులో న్యాయం ఉందనిపిస్తుంది. నేను చెప్పేదల్లా ఒక్కటే. అది వాదించదగిన నిర్ణయం. పిచ్చి నిర్ణయం కాదు. దాన్ని పిచ్చిగా కనబడేట్టు చేసింది బట్లర్ చేతిలోని బంతి.

మన మనసు ఇలా ఎందుకు పనిచేస్తుందో పరిశీలించినవారున్నారు. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రకటించాడు. 1814లో బ్రిటిష్‌వారికీ నేపాల్ గూర్ఖాలకూ జరిగిన యుద్ధం గురించి చదవడానికిచ్చి, కొందరికి బ్రిటిష్‌వారు గెలిచారనీ, కొందరికి గూర్ఖాలు గెలిచారనీ చెప్పాడు. ఎవరికి ఏ ఫలితం చెబితే వారు అదే ముందునుంచీ జరగబోతున్నట్టు కనబడిందన్నారు. 1988లో బారన్, హెర్షీ అనే ఇద్దరు మరో సంగతి చూపించారు. గుండె జబ్బు మనిషికి ఆపరేషన్ చేయాలని వైద్యుడు నిర్ణయించాడు. ఆపరేషన్‌లో ప్రాణం పోయే అవకాశం నూటికి 8. రోగి బ్రతికాడని చెబితే వైద్యుని నిర్ణయం మంచిదన్నారు. చనిపోయాడని చెబితే దాన్నే తక్కువ చేశారు. నిర్ణయం ఒకటే, లెక్క ఒకటే, తెలిసిన విషయాలూ అవే.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ ప్రశ్నను నేను మరోచోట చదివాను. అప్పుడది ఎండు చర్చలా అనిపించిందని ఒప్పుకుంటాను. పదమూడో శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు తన మహాగ్రంథంలో ఒక ప్రశ్న వేసుకున్నాడు. ఒక పని మంచిదా చెడ్డదా అన్నది దాని తరువాత వచ్చే ఫలితాన్నిబట్టి మారుతుందా? ఆయన జవాబు అవునూ కాదూ అని దాటవేసేది కాదు. ఫలితాన్ని ముందే ఊహించి చేస్తే అది లెక్కలోకి వస్తుంది. ఊహించకపోయినా, అలాంటి పనికి సాధారణంగా అదే ఫలితం వచ్చేటట్లయితే అదీ లెక్కలోకి వస్తుంది. అరుదుగా, కాకతాళీయంగా వచ్చిన ఫలితం మాత్రం పనిని మంచిదిగానూ చేయదు, చెడ్డదిగానూ చేయదు. ఇచ్చిన భిక్షను బిచ్చగాడు పాపానికి వాడుకుంటే ఇచ్చినవాని దానగుణానికి లోటు రాదు. అలాగే దెబ్బ తిన్నవాడు ఓర్చుకున్నంత మాత్రాన కొట్టినవాడు తప్పించుకోలేడు.

ఆ రెండో ఉదాహరణ గమనించండి. అది గెలిచినవారికి కూడా వర్తిస్తుంది. ఆ రాత్రి న్యూ ఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచిక్ గడియారం కరిగిపోతున్నా విరామం అడగలేదు. సియాటిల్ గీత దాటి ఉంటే, తిరిగి కొట్టడానికి సమయం మిగల్చుకోలేదని ఆయన్నే ఏకిపారేసేవారు. గెలిచాడు కాబట్టి ధీరుడన్నారు. మూడేళ్ళకు, 2018 ఫిబ్రవరిలో, మరో సూపర్ బౌల్‌లో అదే బెలిచిక్ అదే బట్లర్‌ను రక్షణ వరుసలో ఒక్కసారి కూడా దించలేదు. ఫిలడెల్ఫియా చేతిలో 41–33తో ఓడిపోయారు. "ఎందుకు ఆడించలేదు?" అని ఈసారి న్యూ ఇంగ్లండ్ అభిమానులు తల బాదుకున్నారు.

ఓడిన బాధ అక్కడితో ఆగితే బాగానే ఉండును. ఓటమికి దోషి కావాలి. దోషి దొరికాక దురుద్దేశం కూడా కావాలి. లించ్‌కు పేరు రాకుండా విల్సన్‌ను వీరుణ్ణి చేయాలనే కోచ్ అలా చేశాడని గుసగుసలు పుట్టాయి. రుజువు లేదు. రుజువు లేని చోట ఎదుటివాని ఉద్దేశాన్ని మంచిగానే తీసుకోవాలని తోమాసుగారే మరోచోట రాశారు. అలా చేస్తే చాలాసార్లు మోసపోతాం కదా అంటే, చెడ్డవారిని మంచివారనుకుని పదేపదే పొరబడడం, మంచివాణ్ణి అరుదుగా చెడ్డవాడనుకుని పొరబడడంకంటే నయమని జవాబిచ్చారు.

ఈ అమెరికా గోల మనకెందుకు అంటారేమో. చావు ఇళ్ళకు వెళ్ళినప్పుడు నాకు వినబడే మాట ఇదే కాబట్టి చెబుతున్నాను. "ఆ బస్సు ఎక్కించింది నేనే ఫాదర్" అని ఒక తండ్రి నా చేతులు పట్టుకున్నాడు. కూతుర్ని రాత్రిపూట పంపడం ఇష్టంలేక, వాకబు చేసి, తెల్లవారి బయలుదేరే బండి చూసి, ముందు సీటు అడిగి మరీ కూర్చోబెట్టాడు. ఒక తండ్రి ఇంతకంటే ఏం చేస్తాడు? ప్రమాదం జరిగాక ఆ జాగ్రత్తలన్నీ ఆయనకు నేరాలుగా కనబడ్డాయి. పైగా వచ్చిన బంధువు ఒకాయన "రైల్లో పంపాల్సింది" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు తెలివి అక్కర్లేకపోయింది, ప్రమాదం జరిగిందన్న వార్త చాలింది. ఆ తండ్రిని నేను ఒకటే అడుగుతూ వచ్చాను. "ఆ రోజు పొద్దున ఆరు గంటలకు మీకు ఏం తెలుసు? అది చెప్పండి." మొదటి నెలలో ఆయన జవాబు చెప్పలేదు. తరువాత చెప్పడం మొదలుపెట్టాడు.

అయితే ఈ పాఠాన్ని మన తప్పులు కప్పుకోవడానికి వాడుకోకూడదు. నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక రైతు మిరపకాయలు అమ్మేయనా, కోల్డ్ స్టోరేజిలో పెట్టనా అని నన్నడిగాడు. ధర పెరుగుతుందిలే, ఆగమన్నాను. తగ్గింది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆయన భార్య మాత్రం "ఫాదరుగారికి మిరపకాయల సంగతి ఏం తెలుసని అడిగావు?" అందట. ఆ మాట నా చెవిన పడింది. "ఫలితం నా చేతుల్లో లేదు కదా" అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కానీ అమ్మాయి చెప్పిందే నిజం. నేను యార్డు ధర కనుక్కోలేదు, సరుకు ఎంత నిల్వ ఉందో వ్యాపారులను అడగలేదు, ఆయనకు అప్పు ఎంత ఉందో కూడా అడగలేదు. ధర రెట్టింపయినా నా సలహా చెడ్డ సలహాయే. అప్పుడు నన్ను పొగిడేవారు, నేనూ నమ్మేవాణ్ణి. రైతుకు ఆ మాట ఒప్పుకున్నాను. మరుసటి ఏడు మళ్ళీ వచ్చి అడిగితే, మా విచారణలోనే ముప్పై ఏళ్ళుగా మిర్చి వ్యాపారం చేసే పెద్దాయన దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్ళాం.

సియాటిల్ కుర్రవాడికి ఈ కథలేవీ చెప్పలేదు. "ఆట కోసం అంత బాధేమిటి" అని కూడా అనలేదు. తోటివారితో కలిసి ఇష్టపడినదాన్ని పోగొట్టుకుంటే బాధ నిజమే. ఒకటి మాత్రం అడిగాను. "ఆ బంతి ఎవరికీ దొరక్క కిందపడి, తరువాతి ప్రయత్నంలో లించ్ గీత దాటేసి ఉంటే, ఆ విసిరిన సంగతి ఇవాళ నీకు గుర్తుండేదా?"

చాలాసేపు బల్లవైపు చూస్తూ కూర్చున్నాడు. "ఉండేది కాదు ఫాదర్" అన్నాడు. కాఫీ తాగి, ఆశీర్వాదం తీసుకుని బయలుదేరాడు. గేటు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు.

"కానీ ఫాదర్, బంతి లించ్‌కే ఇవ్వాల్సింది."