ఈ దసరాకి వద్దు చెల్లెమ్మా

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు తను ఫోన్ చేసిందంటే వంటిల్లు సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, తీరిగ్గా మాట్లాడాల్సిన విషయమేదో ఉందన్నమాట. "అక్కా, మీ మరిది టీవీ మారుద్దామంటున్నారు. ఆర్‌జీబీ మినీ ఎల్‌ఈడీ అంట, ఇప్పుడిప్పుడే వస్తోందంట. దాని ముందు మిగతావన్నీ దిగదుడుపేనంట. దసరా ఆఫర్లలో తీసుకుందామా అని అడిగారు. నాకేం తెలుసు? నువ్వు చెప్పు" అంది.

"నాకేం తెలుసు" అన్న మాట నాకు చివుక్కుమనిపించింది. ఆ ఇంట్లో పొద్దున్నే భక్తి ఛానెల్ పెట్టేది తను. మామగారికి వార్తలు, అత్తగారికి సీరియళ్ళు, పిల్లలకి బొమ్మలు, ఎవరికి ఎప్పుడు ఏది కావాలో, రిమోట్ ఏ దిండు కింద ఉందో తెలిసింది తనకే. ఆ టీవీ రోజంతా ఏం పని చేస్తుందో తనకి తెలిసినంత మరెవరికీ తెలీదు. తెలీనిదల్లా ఆ పేర్లు. పేర్లు నేర్చుకోవడం ఎంతసేపు? ఫోన్‌లోనే గంటసేపు మాట్లాడుకున్నాం. ఈ పండగలకి మీలో చాలామంది ఇళ్ళల్లో ఇదే మాట నడుస్తుంది కనక, తనకు చెప్పినట్టే మీకూ చెబుతాను.

ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉన్న టీవీల్లో ఎక్కువ ఎల్‌సీడీలే చెల్లీ. ఎల్‌ఈడీ అని అమ్మినా, క్యూఎల్‌ఈడీ అని అమ్మినా లోపలుండేది ఎల్‌సీడీ తెరే. ఆ తెరకి సొంత వెలుగు లేదు. వెనక దీపం పెట్టాలి. ముందున్న ద్రవ స్ఫటికాలు కిటికీ రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ వెలుగుని వదులుతాయి, ఆపుతాయి. రెక్క ఎంత బిగించినా సందుల్లోంచి కాస్త వెలుగు వస్తుంది కదా, అందుకే చీకటి సీన్లలో నలుపు బూడిద రంగుగా కనిపిస్తుంది. ఆ వెనక దీపాల్ని బాగా చిన్నవి చేసి, వందల్లో వేలల్లో పెట్టి, గుంపులు గుంపులుగా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే అది మినీ ఎల్‌ఈడీ.

ఓఎల్‌ఈడీ దారి వేరు. అందులో వెనక దీపమే ఉండదు. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువునా 2160, మొత్తం దాదాపు 83 లక్షల చుక్కలు. ప్రతి చుక్కా తన వెలుగు తనే ఇస్తుంది. కార్తీక పౌర్ణమి నాడు కోనేటి మెట్ల మీద పెట్టిన ప్రమిదలు గుర్తు తెచ్చుకో. ఒక్కటి కొండెక్కితే అక్కడే చీకటి, పక్కది వెలుగుతూనే ఉంటుంది. క్యూఎల్‌ఈడీకీ ఓఎల్‌ఈడీకీ పేరులో తేడా ఒక్క అక్షరమే. లోపల తేడా ఇంత. షాపులో ఈ ఒక్క అక్షరం దగ్గర ఎంతోమంది పొరబడతారు.

ఇక మరిది చెబుతున్న కొత్త రకం. ఇన్నాళ్ళూ వెనక దీపాలు నీలంవో తెల్లవో ఉండేవి. ఆ వెలుగులోంచి ముందున్న పొరలు రంగులు రాబట్టేవి. ఇప్పుడు వెనకే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు దీపాలు పెడుతున్నారు. రంగు పుట్టడమే చిక్కగా, శుభ్రంగా పుడుతుంది. సామ్‌సంగ్ దీన్ని మైక్రో ఆర్‌జీబీ పేరుతో 2025 ఆగస్టులో 115 అంగుళాల సెట్టుగా తెచ్చింది. అమెరికాలో దాని ధర 29,999 డాలర్లు, అప్పటి లెక్కలో దగ్గర దగ్గర 26 లక్షల రూపాయలు. హైసెన్స్ అదే ఏడాది 116 అంగుళాలది తెచ్చింది. 2026 వరసలో 55 అంగుళాల దాకా చిన్న కొలతలు ప్రకటించారు. మన హాళ్ళ కొలతకు దిగొచ్చింది కాబట్టే ఆ పేరు మీ ఇంటి దాకా వచ్చింది.

నిజానికి ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 2004లోనే సోనీ క్వాలియా 005 అనే టీవీలో తెర వెనక మూడు రంగుల ఎల్‌ఈడీలు పెట్టింది. అప్పటి ఖర్చుకి అది మామూలు ఇళ్ళకు చేరలేదు. ఇరవై ఏళ్ళు గడిచాక ఆ దీపాలు గోరంత కన్నా చిన్నవయ్యాయి, వాటిని నడిపే చిప్పులు చురుకైనవి వచ్చాయి. చూడముచ్చటైన సంగతే, కాదనను. ఇంజనీర్లు ఇన్నేళ్ళు పట్టుబట్టి సాధించారు.

కానీ ఒక చిక్కుంది. చుక్కలు 83 లక్షలు, దీపాల గుంపులేమో వేలల్లోనే. ఒక్కో గుంపు ముందు వందల చుక్కలు, ఒక్కోచోట వేల చుక్కలు ఉంటాయి. ఎర్రచీర కొంగూ దాని పక్కనే అమ్మాయి చెంపా ఒకే గుంపు ముందుకు వచ్చాయనుకో. కొంగు కోసం ఎరుపు ఎక్కువ వెలిగిస్తే చెంప మీదకి ఆ ఎరుపు పాకే ప్రమాదముంది. అలా పాకకుండా లెక్కలు కట్టేది చిప్పు. ఆ లెక్కలు ఏటేటా మెరుగవుతాయి. మొదటి ఏడు కొన్నవాళ్ళకి మొదటి ఏటి లెక్కే దక్కుతుంది.

అదీ పోనీ, ఆ చిక్కటి రంగు చూపించే బొమ్మ నీ టీవీలోకి వస్తోందా? ఈ సెట్ల గొప్పగా చెప్పేది బీటీ.2020 అనే విశాలమైన రంగుల కొలతని. అది 2012లో రాసుకున్న ప్రమాణం. సినిమాలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పీ3 అనే అంతకన్నా చిన్న కొలతలోనే తయారవుతున్నాయి. మనం చూసే హెచ్‌డీ ఛానెళ్ళది ఇంకా చిన్న కొలత. హెచ్‌డీ బొమ్మలో ఉండే చుక్కలే 4కెలో నాలుగో వంతు. కేబుల్‌లో మామూలు ఛానెల్ అయితే అదీ ఉండదు. పెద్ద బిందె కొన్నాం, కొళాయిలో చెంబెడు నీళ్ళే వస్తున్నాయి అన్నట్టుంటుంది.

"ఒక్కసారి లెక్క చెప్పవే, మీ ఇంట్లో రోజూ ఏం నడుస్తుంది?" అని అడిగాను. పొద్దున రెండు గంటలు భక్తి ఛానెల్. తర్వాత మామగారి వార్తలు, భోజనం వేళకి ఆగి మళ్ళీ. సాయంత్రం ఆరు నుంచి సీరియళ్ళు. ఐపీఎల్ రోజుల్లో మ్యాచ్. ఓటీటీలో మంచి సినిమా వారానికి ఒకటి, అదీ ఆదివారం. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయింది. "అయితే అక్కా, ఆ రంగులన్నీ వారానికి మూడు గంటల కోసమా?" అంది. నేను చెప్పాల్సిన మాట తనే చెప్పేసింది.

మామగారి వార్తల సంగతి ఇంకోటి ఉంది. వార్తా ఛానెల్ అంటే కింద ఎర్ర పట్టీ, మూలన ఛానెల్ గుర్తు, రోజంతా అక్కడే. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తన వెలుగు తనే ఇస్తుందన్నాను కదా, వెలిగిన కొద్దీ అరుగుతుంది కూడా. కదలని గుర్తు రోజుకి ఆరేడు గంటల చొప్పున ఏళ్ళ తరబడి ఉంటే, అక్కడి చుక్కలు మిగతావాటికన్నా ముందే అరిగిపోయి మచ్చ నిలుస్తుంది. కంపెనీలు దీనికి చాలా జాగ్రత్తలు పెట్టాయి, ఇప్పటి సెట్లు పాతవాటికన్నా ఎంతో నయం. అయినా రోజంతా వార్తలు మోగే ఇంటికి ఓఎల్‌ఈడీ కొనమని నేను చెప్పను.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. 2011లో మా ఇంటికి 3డీ టీవీ వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు డిసెంబర్లో 'అవతార్' వచ్చింది, ప్రపంచమంతా 3డీ పేరే. మా వారికీ పిల్లాడికీ అదే ధ్యాస. అప్పటికి నా చీటీ పాడుకుని ఆ డబ్బు గాజుల కోసమని పక్కన పెట్టుకున్నాను. అందులోంచే సగం ఇచ్చాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. నీకు సరేనా అని అడగనూ లేదు, నాకిది అక్కర్లేదని నేను చెప్పనూ లేదు. సెట్టుతో రెండు జతల కళ్ళద్దాలిచ్చారు. ఇంట్లో నలుగురం. మరో రెండు జతలు కొనాలంటే వాటి ధర వినే ఆగిపోయాం. ఇద్దరు చూస్తుంటే ఇద్దరం పక్కన కూర్చుని మసకమసకగా ఉన్న బొమ్మ చూశాం. 3డీలో చూడ్డానికి ఛానెళ్ళు రాలేదు, డిస్కులు మా ఊళ్ళో దొరకలేదు. మొత్తం మీద పదిసార్లు చూసి ఉంటాం. మూడేళ్ళకి ఒక జత పనిచేయడం మానేసింది. షాపుకి వెళితే ఆ మోడల్ అద్దాలు ఇక రావన్నారు. 2017 వచ్చేసరికి పేరున్న కంపెనీలన్నీ 3డీ టీవీలు చేయడమే మానేశాయి. ఆ గాజులు నేను మళ్ళీ కొనుక్కోలేదు.

అందుకే "కొత్తగా వచ్చింది" అన్న మాట వినగానే నేను ఒక అడుగు వెనక్కి వేస్తాను. మొట్టమొదటి ఓఎల్‌ఈడీ టీవీ సోనీ వాళ్ళది, 2007 చివర్లో జపాన్‌లో వచ్చింది. 11 అంగుళాల తెర, ధర రెండు లక్షల యెన్‌లు. 2010కల్లా అక్కడ దాని అమ్మకం ఆపేశారు. 2013లో ఎల్‌జీ 55 అంగుళాల ఓఎల్‌ఈడీ అమెరికాలో 15,000 డాలర్లకి పెట్టింది. ఇప్పుడు అదే కొలతలో, దానికన్నా మంచి బొమ్మ, అందులో పదో వంతు ధరకే దొరుకుతోంది. మొదట కొన్నవాళ్ళ డబ్బుతోనే ఆ ఫ్యాక్టరీలు పని నేర్చుకున్నాయి. ఆ భారం మోయగలిగినవాళ్ళు మోయాలి కూడా, లేకపోతే కొత్తదేదీ ముందుకు రాదు. కానీ స్కూలు ఫీజులూ ఇంటి ఈఎంఐ పక్కపక్కనే నడుస్తున్న నువ్వు ఎందుకు మోయాలి?

మొదటి తరమంతా పనికిరాదని మాత్రం అనను. 2022లో క్వాంటమ్ డాట్ ఓఎల్‌ఈడీ వచ్చింది, సామ్‌సంగ్‌దీ సోనీదీ. మొదటి ఏడే వాటి బొమ్మని పరీక్షించినవాళ్ళు మెచ్చుకున్నారు. అయితే గదిలో లైటు బాగా ఉంటే నలుపు కాస్త ఊదా ఛాయతో బూడిదగా కనిపిస్తుందని తేలింది. వీధి తలుపు తీసే ఉండే, సాయంత్రమైతే ట్యూబులైటు వెలిగే హాలు మనది. ఎవరింట్లోనైనా సినిమాకంటూ కర్టెన్లు బిగించుకున్న గది ఉండి, ధర సగానికి పడిపోయినా మనసు బాధపడని స్తోమత ఉంటే, వాళ్ళు కొత్తది కొనుక్కుని సంతోషించవచ్చు. అందులో తప్పేమీ లేదు.

నువ్వు మాత్రం షాపుకి వెళ్ళు, మరిదితో కలిసే వెళ్ళు. అక్కడ టీవీల్లో రంగు రంగుల పూలూ పక్షులూ చూపిస్తారు. వాటిని ఆ టీవీ కోసమే తీశారు. "మా అత్తగారి సీరియల్ పెట్టండి బాబూ" అని అడుగు. వార్తా ఛానెల్ పెట్టించు. బొమ్మ సెట్టింగు షాపు కోసం బాగా పెంచి పెడతారు, దాన్ని మామూలు ఇంటి సెట్టింగుకి మార్పించి అప్పుడు చూడు. ఎదురుగా కాక పక్కన, మీ ఇంట్లో నువ్వు కింద కూర్చుని కూర తరుక్కునే కోణంలోంచి చూడు. ఇది చాలామంది చేయరు. ఎల్‌సీడీ తెరల్లో కొన్ని పక్క నుంచి చూస్తే వెలిసిపోయినట్టుంటాయి, పక్కన కూర్చునేది ఎక్కువగా మనమే.

ప్యానెల్ వారంటీ ఎన్నేళ్ళో, అందులో ఏది రాదో కాగితం మీద రాయించుకో. నోటిమాట వద్దు. ప్యానెల్ పోతే మార్చడానికి ఎంతవుతుందో ఇప్పుడే అడుగు. చాలాసార్లు అది కొత్త సెట్టు ధరకి దగ్గర్లోనే ఉంటుంది. కొత్త రకానికి మీ ఊళ్ళో చేసే మెకానిక్ ఉన్నాడా, లేక వైజాగ్ నుంచో హైదరాబాద్ నుంచో రావాలా? మొదటి ఏడు విడిభాగాల కోసం ఎదురుచూడ్డం మామూలే.

ధర సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పైగా కొత్త మోడళ్ళు వచ్చినప్పుడు పోయినేటి మంచి మోడళ్ళు ధర దిగుతాయి. అప్పటికి వాటి లోటుపాట్లు నలుగురికీ తెలిసి ఉంటాయి, సాఫ్ట్‌వేర్ సర్దుకుని ఉంటుంది. నా మాట అడిగితే మీ ఇంటికి పోయినేటి మినీ ఎల్‌ఈడీ, 55 అంగుళాలది సరిపోతుంది. మీ సోఫాకీ గోడకీ మధ్య ఎనిమిది అడుగులే కదా. మూడు రంగుల దీపాలది రెండు మూడు దసరాలు గడవనీ. పాత టీవీ ఇంకా బాగానే ఉంటే అసలు ఇప్పుడేదీ కొనకు.

ఇదంతా విని చెల్లి, "మరి ఆయన చిన్నబుచ్చుకుంటారేమో" అంది. మరిది మంచివాడు. ఇంటికి మంచిది తేవాలన్న ప్రేమతోనే అడిగాడు. వద్దని ఒక్కమాటలో తేల్చేయకు, ఇద్దరూ కలిసి వారం రోజులు లెక్క రాయండన్నాను. ఎవరు ఏం చూశారు, ఎన్ని గంటలు, హెచ్‌డీనా 4కెనా, పగలా రాత్రా. మరుసటి రోజు పొద్దున్నే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఫోటో పంపింది. మొదటి గడిలో మామగారి వార్తలు, నాలుగు గంటలు. రెండో గడి మరిది చేతిరాతలో ఉంది.

మీరూ అలాంటి కాగితం ఒకటి అంటించండి. వారం తిరిగాక దాన్ని పర్సులో పెట్టుకుని షాపుకి వెళ్ళండి. అక్కడ ఎవరైనా "మీకేం కావాలమ్మా?" అని అడిగితే "మావారిని అడగండి" అనకండి. కాగితం తీసి చూపించండి.