బిడ్డ చేతిలో కథల పుస్తకం



"పాఠాలు చదవమంటే కథల పుస్తకం పట్టుకుంటున్నాడు, కాస్త మందలించండి ఫాదర్ గారూ" అంటూ తల్లులు పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చే రోజులుండేవి. ఈ మధ్య ఆ ఫిర్యాదు వినబడటం లేదు. ఇప్పుడు ఫిర్యాదంతా సెల్‌ఫోను మీదే. అయినా పెద్దల మనసులోని పాత అభిప్రాయం మాత్రం మారలేదు. మార్కులు తెచ్చేదే చదువు, తక్కినదంతా కాలక్షేపం అనుకుంటాము. ఇది ఎంతవరకు సబబో ఈ వారం ఆలోచిద్దాం.

స్పెయిన్ దేశంలోని ఆవిలా పట్టణంలో 1515లో జన్మించిన పునీత తెరెసమ్మగారు తన ఆత్మకథలో తొలి వాక్యాలలోనే ఇంట్లోని పుస్తకాలను తలచుకున్నారు. తండ్రి అలోన్సోగారికి మంచి పుస్తకాలంటే ప్రీతి. ఆనాడు పండితుల భాష లతీను. అయినా తన పిల్లలు కూడా చదువుకోవాలని ఆయన వాడుక భాషలోని పుస్తకాలు ఇంట్లో ఉంచారు. చిన్నారి తెరెసమ్మ, ఆమె అన్న రొద్రీగో కలిసి కూర్చుని పునీతుల చరిత్రలు చదివేవారు. పరలోక మహిమ అయినా, నరక బాధ అయినా ఎల్లకాలం ఉంటుందని చదివినప్పుడు ఆ "ఎల్లకాలం" అనే మాట వారిద్దరినీ పట్టుకుంది. ఆ ఒక్క మాటనే పదేపదే పలుకుతూ కూర్చునేవారమని ఆమె రాశారు. వేదసాక్షులమవుదామని మూరుల దేశానికి ఇల్లు వదిలి బయలుదేరితే దారిలో పినతండ్రి చూసి వెనక్కి తెచ్చాడని చరిత్రకారులు చెబుతారు. అది విని మనం నవ్వుకుంటాం. కాని కాలం, నిత్యత్వం అనే అంశాల మీద సెమినరీలో మాకు వారాల తరబడి తత్వశాస్త్ర పాఠాలు చెప్పారు. ఆ పసివాళ్ళు ఒక కథ చదువుతూ, ఒక మాట దగ్గర ఆగి, అదే ప్రశ్న ముందు నిలబడ్డారు.

ఆగడం అన్నానే, అసలు విషయం అక్కడే ఉంది. పుస్తకం మనల్ని ఆగనిస్తుంది. వేలు పేజీలో పెట్టి కిటికీ వైపు చూసినా అది కదలదు, మనకోసం కాచుకుని ఉంటుంది. ఫోనులో బొమ్మ ఆగదు. ఒకటి అయిపోకముందే మరొకటి వస్తుంది. పిల్లవాడు తనలో తాను మాట్లాడుకోవడానికి అది సందు ఇవ్వదు. అలా తనలో తాను మాట్లాడుకోవడం రానివాడు రేపు ఆత్మశోధన ఎలా చేసుకుంటాడు? ఉద్యోగం పోయిన రోజున, జబ్బుపడి మంచం మీద ఉన్న రోజున తనతో తాను ఎలా ఉండగలడు? రోగులను చూడటానికి వెళ్ళినప్పుడు నాకు ఈ తేడా కనిపిస్తూనే ఉంటుంది.

తిరిగి తెరెసమ్మగారి సంగతికి వద్దాం. ఆమె తల్లి బెయాత్రిస్‌గారికి వీరుల సాహస ప్రేమగాథలంటే ఇష్టం. భర్తకు అవి గిట్టవు కాబట్టి ఆయన కంటబడకుండా చదివేవారు. కూతురికీ ఆ అలవాటే అబ్బింది. ఆ చదువు తనకు కీడు చేసిందని తెరెసమ్మగారు తర్వాత గట్టిగానే రాసుకున్నారు. పునీతురాలి మాట కాదనే సాహసం నాకు లేదు. అయినా గంటల తరబడి మనసును ఒకచోట నిలపగల శక్తి ఆ కథల వల్ల కూడా కొంత వచ్చి ఉంటుందని నా నమ్మకం.

ఆ శక్తి ఆమెకు తర్వాత అక్కరకు వచ్చింది. మఠంలో చేరిన తర్వాత ప్రార్థన ఆమెకు సులువుగా సాగలేదు. దాదాపు 18 ఏళ్ళపాటు, దివ్యసత్ప్రసాదం స్వీకరించిన వేళల్లో తప్ప, దగ్గర పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చునే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఒక్కోసారి పుస్తకం తెరిస్తే చాలు, చెదిరిన మనసు కుదుటపడేదట. అటువంటి ఆమెకు 1559లో పెద్ద దెబ్బ తగిలింది. ఇంక్విజిషన్ అధిపతి వాల్దేస్ నిషిద్ధ గ్రంథాల పట్టిక వెలువరించారు. వాడుక భాషలోని భక్తి పుస్తకాలు అనేకం అందులోకి ఎక్కాయి. లతీను రాని తెరెసమ్మగారు ఎంతో బాధపడ్డారు. చేతిలోని పుస్తకాలు పోయాయి, చదివినది మాత్రం పోలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకే ఆమె తన జీవిత కథను తానే రాశారు. 1921 వేసవిలో, జర్మనీలో, స్నేహితురాలి ఇంట్లో ఆ పుస్తకం చదివిన తత్వశాస్త్ర పండితురాలు ఎడిత్ స్టెయిన్ 1922 జనవరి 1న జ్ఞానస్నానం పొందారు. 1942లో ఆష్‌విట్జ్‌లో ప్రాణం అర్పించిన ఆమెను శ్రీసభ 1998లో పునీతురాలిగా ప్రకటించింది.

అయితే పిల్లలచేత చదివించడం ఎలా? బెత్తంతో మాత్రం కాదు. బాల్యంలో గ్రీకు భాషను శిక్షల భయంతో నేర్పినందువల్ల దాన్ని ద్వేషించానని, దాదుల ముద్దుముచ్చట్ల మధ్య లతీను తనంతట తానే వచ్చిందని పునీత అగుస్తీనువారు రాశారు. జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2024లో సాహిత్య పఠనం గురించి ఒక లేఖ రాశారు. 28 ఏళ్ళ వయసులో అర్జెంటీనాలోని శాంతా ఫే నగరంలో తాము సాహిత్య పాఠాలు చెప్పిన సంగతి అందులో ఉంది. పాఠ్యప్రణాళికలో ఉన్నది ప్రాచీన వీరకావ్యం ఎల్ సిద్. పిల్లలు కోరినదేమో లోర్కా కవిత్వం. సరే, ఎల్ సిద్‌ను ఇంట్లో చదువుకోండి అని చెప్పి, తరగతిలో వాళ్ళు మెచ్చిన రచయితల గురించే మాట్లాడారట. ముందు రుచి పుట్టాలి. ఏది మంచి పుస్తకం అనే వివేకం చదవగా చదవగా వస్తుంది.

మన ఇళ్ళలో ఇంకొక చిక్కు ఉంది. 1947లో మొదలై తరతరాల పిల్లలకు తెలుగు చదవడం అలవాటు చేసిన చందమామ ఇప్పుడు రావడం లేదు. బడి ఇంగ్లీషు మీడియం. ఆదివారం పూజలో మొదటి పఠనం చదవమంటే ఇంజినీరింగు చదివే యువకుడు కూడబలుక్కుంటున్నాడు. నాయనమ్మ జపాల పుస్తకం మనవడికి అర్థంకాని గీతల కట్ట అయింది. నాయనమ్మ నమ్మినది ఆమె మాటల్లోనే వాడికి అందాలంటే తెలుగు చదవడం రావాలి కదా! ఇంగ్లీషు వద్దని నేననడం లేదు. కాని ఈ నష్టానికి పూచీ మనదే, బడిది కాదు.

"మాకే చదువు రాదు, మేమేం చెప్పగలం?" అని కొందరు తల్లులు అంటారు. మీరు వినండి చాలు. పసితనం నుండే తిమోతికి పవిత్ర లేఖనాలు తెలుసునని రాసిన పునీత పౌలుగారే అతని అవ్వ లోయిని, తల్లి యూనికేను పేరుపెట్టి తలచుకున్నారు. రాత్రి జపమాల అయ్యాక పిల్లవాడిచేత పవిత్ర గ్రంథంలోని తోబీతు కథను పైకి చదివించండి. 14 అధ్యాయాలే, రోజుకొకటి చొప్పున రెండు వారాలు. అందులో ప్రయాణం ఉంది, నదిలోంచి ఎగిరిన చేప ఉంది, మారువేషంలో దేవదూత ఉన్నాడు. తోబియా వెంట నడిచిన కుక్క కూడా ఉంది. అది ఎక్కడ వస్తుందో ముందుగా చెప్పకండి, వాళ్ళనే వెతుక్కోనివ్వండి.