కిటికీ అద్దములను శుభ్రపరచు విధము

కఠినజలపు బొట్లారిన అద్దములపై నిలుచు తెల్లని మచ్చలు ముఖ్యముగా కాల్షియం కార్బొనేటు. దీనిని సబ్బు కరిగింపజాలదు, ఆమ్లము కరిగించును. నిమ్మరసమున సిట్రికామ్లమును, పరిశుద్ధ గ్రంథమున చిరక యనబడిన వెనిగరున ఎసిటికామ్లమును గలవు.

మనము మొదట పొడిగుడ్డతో దుమ్ము దులిపి, వెనిగరును సమభాగము నీటితో కలిపి పూసి, కొంతసేపటికి పాత నూలుగుడ్డతో తుడువవలెను. ఎండ తగులువేళ తుడిచినయెడల నీరు త్వరగా ఆరి చారలు పడును. కడప, తాండూరు బండలు సున్నపురాళ్లు గనుక వానిపై ఆమ్లము పడనీయరాదు, మెరుగు చెడును.

అన్నిటికంటె ముఖ్యముగా మేము చెప్పునదేమనగా, బ్లీచింగు పొడితో వెనిగరునుగాని నిమ్మరసమునుగాని ఎన్నడును కలుపరాదు. విషమైన క్లోరిను వాయువు పుట్టును. విద్యార్థులారా, ఈ మాట నేడే మీ యింట తల్లులకు తెలుపుడు. ఇంటికి వెలుగు తెచ్చు పని ఊపిరికి కీడు కారాదు.