ఈగను పిలిచేదెవరు?

బాగా మగ్గిన అరటిపండు వంటింట్లో ఉంటే ఎక్కడి నుంచో చిన్న చిన్న ఈగలు వచ్చి ముసురుతాయి. ఇవి డ్రోసోఫిలా ఈగలు. పండు వాసనకే వచ్చాయని మనం అనుకుంటాం. నిజానికి వాటిని ఎక్కువగా పిలిచేది పండు మీద పెరిగే ఈస్ట్.

ఈస్ట్ కంటికి కనిపించని సూక్ష్మజీవి. పండులోని చక్కెరను పులియబెడుతూ అది రకరకాల వాసనలు వదులుతుంది. ఈగకూ, దాని లార్వాలకూ ఈస్ట్ మంచి ఆహారం. ఈస్ట్‌కు కాళ్లూ రెక్కలూ లేవు కదా! ఈగ ఒంటికి అంటుకుని అది మరో పండుకు చేరుతుంది. బెల్జియం శాస్త్రవేత్తలు ఈస్ట్‌లో వాసనకు కారణమైన ఒక జన్యువును తొలగించి చూశారు. ఈగలు దాని దగ్గరకు అంతగా రాలేదు, ఈస్ట్ వ్యాప్తి కూడా తగ్గిందని 2014లో ప్రకటించారు.

అన్ని వాసనలూ పిలుపులు కావు. కొన్ని బూజులు, బ్యాక్టీరియాలు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది ఉన్నచోట ఈగకు హాని చేసే సూక్ష్మజీవులు ఉండవచ్చు. అందుకే ఆ వాసన తగిలితే ఈగ వెనుదిరుగుతుంది, అక్కడ గుడ్లు పెట్టదు. దీన్ని పసిగట్టడానికే ఈగ మీసాల్లో ప్రత్యేకమైన నాడీకణాలున్నాయని 2012లో తెలిసింది.

జియోస్మిన్ మనకు కొత్త కాదు. తొలకరి చినుకులకు లేచే మట్టివాసనలో ఉండేది అదే. బదిలీ మీద ఏ ఊరు వెళ్లినా మనల్ని పలకరించే ఆ కమ్మని వాసన, ఈగకు మాత్రం ప్రమాద హెచ్చరిక!

చేసి చూడండి: రెండు గిన్నెల్లో అరటిపండు ముక్కలు వేయండి. ఒకదానిలో చిటికెడు బేకరీ ఈస్ట్ కలపండి. మర్నాడు ఈగలు ఎటు ఎక్కువ చేరాయో లెక్కపెట్టండి.