వరి మొలకతో మొదలుపెట్టు

చిరంజీవి మనవరాలికి,

"అన్నీ శూన్యమే అయితే ఇక మంచిచెడ్డలెందుకు, సాధనెందుకు తాతయ్యా?" అని అడిగావు. బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడికీ ఈ ప్రశ్నే ఎదురైంది. ఆయన రాసిన మూలమాధ్యమకకారికలోని 27 ప్రకరణాల్లో 24వది ఈ ఆక్షేపణతోనే మొదలవుతుంది. అంతా శూన్యమైతే పుట్టుకా నాశనమూ ఉండవు, నాలుగు ఆర్యసత్యాలుండవు, బుద్ధుడూ ధర్మమూ సంఘమూ ఉండవు అంటాడు ప్రతివాది. ఆ మాట పూర్తిగా చెప్పనిచ్చాకే ఆచార్యుడు బదులిస్తాడు.

ఆ బదులు బోధపడాలంటే ముందు ప్రతీత్యసముత్పాదం, అంటే కారణాలు కూడితేనే ఏదైనా పుడుతుందన్న సూత్రం, తెలియాలి. దానికి శాలిస్తంబ సూత్రం చదువు. వరి మొలకను చూసి బుద్ధుడు చెప్పిన మాటను అందులో మైత్రేయుడు శారిపుత్రుడికి విప్పి చెబుతాడు. మొలక రావడానికి విత్తు ఒక్కటే చాలదు. నేల దాన్ని నిలపాలి, నీరు తడపాలి, వేడి పక్వం చేయాలి, గాలి బయటికి తేవాలి, ఆకాశం చోటివ్వాలి, రుతువు కలిసిరావాలి. వీటిలో ఏదీ "మొలకను నేనే పుట్టిస్తున్నాను" అనుకోదు. అన్నీ కూడితే మొలక వస్తుంది, ఒకటి లోపించినా రాదు. అవిద్య నుంచి జరామరణాల దాకా పన్నెండు నిదానాలనూ, అంటే కారణాల గొలుసులోని లంకెలనూ, ఆ సూత్రం ఈ తీరునే వివరిస్తుంది.

ఇప్పుడు విత్తు, నేల, నీరు లాంటివన్నీ పక్కన పెట్టి, ఆ మొలకలో తనంతట తాను నిలిచేది ఏముందో వెతుకు. ఏదీ దొరకదు. మొలకే లేదని దీనర్థం కాదు. దేనిమీదా ఆధారపడని సొంత స్వభావం దానికి లేదు, అంతే. శూన్యత అంటే ఇదే. అందుకే 24వ ప్రకరణం 18వ కారికలో నాగార్జునుడు ప్రతీత్యసముత్పాదాన్నే శూన్యత అన్నాడు, మధ్యమ మార్గమూ అదేనన్నాడు. "ఉంది", "లేదు" అనే రెండు అంతాలనూ విడవమని కాత్యాయనుడికి బుద్ధుడు చేసిన బోధను 15వ ప్రకరణంలో తలచుకున్నాడు.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. మొలకకు దేనిమీదా ఆధారపడని, అందుకే మారని స్వభావమే ఉంటే అది ఎన్నటికీ కంకి వెయ్యదు. దుఃఖానికీ అలాంటి స్వభావమే ఉంటే ఏ సాధనా దాన్ని పోగొట్టలేదు. శూన్యం కాబట్టే దుఃఖం తొలగుతుంది, చేసిన పనికి ఫలం ఉంటుంది, తెలియనివాడు నేర్చుకోగలుగుతాడు. ఆర్యసత్యాలను కాదనేది శూన్యవాది కాదు, స్వభావాన్ని పట్టుకు వేలాడేవాడేనని ఆచార్యుడు తేల్చాడు.

ఒక్క హెచ్చరిక. శూన్యతనే ఒక దృష్టిగా పట్టుకున్నవాడు బాగుపడడని 13వ ప్రకరణం చెబుతుంది. "అంతా శూన్యమే" అని ఎదుటివాడి బాధను ఎప్పుడూ కొట్టిపారెయ్యకు. ఇంతటి తర్కం చేసిన ఆచార్యుడే, సంప్రదాయం చెప్పేదాన్నిబట్టి, ఒక శాతవాహన రాజుకు సుహృల్లేఖ అనే ఉత్తరం రాసి దానశీలాలు పాటించమన్నాడు.

ఈసారి ఎవరిమీదైనా కోపం వస్తే, అది ఏయే కారణాలు కూడితే పుట్టిందో కాగితం మీద రాసుకో. వాటిలో నీ చేతిలో ఉన్న ఒక్కదాన్ని మార్చి చూడు. తర్వాత 24వ ప్రకరణంలోని మొదటి ఆరు కారికల ఆక్షేపణను నీ మాటల్లో గట్టిగా వాదించి నాకు రాయి. ప్రతివాది పక్షాన ఎంత బలంగా నిలబడితే జవాబు అంత బాగా వంటబడుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య